ఓడకపోవడం పిరికితనమా?

వార్షికోత్సవాలకు వచ్చే అతిథులు మనకు చెప్పే మాట దాదాపు ఒక్కటే. పెద్ద కలలు కనండి, సాహసం చేయండి, రిస్క్ తీసుకోండి అంటారు. మంచి మాటే, చప్పట్లు కొడతాం. రాత్రి గదికి వచ్చాక మాత్రం డీఎస్సీ మెటీరియలో, గ్రూప్-2 నోట్సో ముందేసుకుని కూర్చుంటాం. అప్పుడు లోపల ఒక ముల్లు గుచ్చుకుంటుంది. మనం చిన్న కలలు కనేవాళ్లమా? ముందు ఒక ఉద్యోగం, నెల నెలా ఒక జీతం అని వెతుక్కోవడం పిరికితనమా?

ఈ ప్రశ్నకు జవాబు కోసం మేము ఒక చదరంగం ఆటగాడి జీవితాన్ని తీసుకుంటున్నాం. ఆయన పేరు టిగ్రాన్ పెట్రోసియన్. సోవియట్ గ్రాండ్‌మాస్టర్, 1963 నుంచి 1969 వరకు ప్రపంచ చాంపియన్. ఫిషర్, కాస్పరోవ్, ఆనంద్‌ల పేర్లు తెలిసినంతగా ఈ పేరు మన హాస్టళ్లలో తెలియదు. తెలిసిన కొద్దిమంది కూడా ఆయన ఆట బోరు అంటారు. డ్రాలు చేసుకుని నెట్టుకొచ్చాడని ఎగతాళి చేసినవాళ్లు ఆయన కాలంలోనూ ఉన్నారు. మా అభిప్రాయం వేరు. ఏమీ లేని ఇంటి నుంచి వచ్చినవాడు పైకి ఎలా ఎక్కాలో, ఎక్కేటప్పుడు దేన్ని పోగొట్టుకోకూడదో ఆయన ఆటా, ఆయన బతుకూ రెండూ చెబుతాయి.

చీపురు పట్టిన చేతులు

పెట్రోసియన్ 1929 జూన్ 17న టిబిలిసి నగరంలో ఒక ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు జార్జియాలో ఉంది. అప్పట్లో అది సోవియట్ యూనియన్‌లో భాగం. తండ్రి సైనికాధికారుల భవనంలో కాపలా, శుభ్రం పనులు చూసుకునే చిన్న ఉద్యోగి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కుర్రవాడు తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. పొట్ట గడవడానికి వీధులు ఊడ్చాడు. చలికాలంలో మంచు కూడా ఎత్తిపోయాలి. పగటిపూట ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడేవాడినని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఆ కష్టకాలంలోనే వినికిడి కూడా దెబ్బతిన్నది. జీవితాంతం చెవికి యంత్రం పెట్టుకోవలసి వచ్చింది.

ఆ సిగ్గు ఎలా ఉంటుందో మనలో చాలామందికి విడమరచి చెప్పనక్కర్లేదు. వేసవి సెలవుల్లో కూలికి పోయినప్పుడు దారిలో క్లాస్‌మేట్ ఎదురైతే తలకు చుట్టిన తువ్వాలును ముఖం మీదికి దించుకున్నవాళ్లం మనం.

అయితే కష్టం ఒక్కటే మనిషిని చాంపియన్‌ను చేయదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే పేదరికాన్నే ఒక అర్హతలా పొగిడే అలవాటు మన ఉపన్యాసాల్లో ఎక్కువైపోయింది. అదే యుద్ధకాలంలో సోవియట్ నగరాల్లో వీధులు ఊడ్చిన అనాథ పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లందరూ గ్రాండ్‌మాస్టర్లు కాలేదు. పెట్రోసియన్‌కు ఒక తలుపు తెరుచుకుని ఉంది. అది పయనీర్ ప్యాలెస్. బడి అయ్యాక పిల్లలు ఆటలు, సంగీతం, సైన్సు నేర్చుకోవడానికి ప్రభుత్వం నడిపిన కేంద్రం అది. టిబిలిసి పయనీర్ ప్యాలెస్‌లో పన్నెండేళ్ల వయసులో ఆర్చిల్ ఎబ్రాలిద్జె అనే శిక్షకుడి దగ్గర ఆయన చేరాడు. ఏడాది తిరిగేసరికి, ఆ ఊరికి వచ్చి ఒకేసారి చాలామందితో ఆడిన గ్రాండ్‌మాస్టర్ సాలో ఫ్లోర్‌ను ఓడించాడు. తిండికని దక్కిన రేషన్‌ను వదులుకుని నిమ్జోవిచ్ రాసిన చదరంగం పుస్తకం కొనుక్కున్నాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు.

రేషన్ వదులుకోవడం ఆయన గొప్పతనం. నేర్పడానికి ఒక గురువును కూర్చోబెట్టడం ఆ వ్యవస్థ గొప్పతనం. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మనం ఈరోజు ఆయన పేరు తలచుకునేవాళ్లం కాదు. మన కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమెకు తండ్రే గురువు. తెలుగువాళ్లందరం గర్వపడ్డాం, గర్వపడాలి కూడా. మరి ఇంట్లో గురువు లేని పిల్లకు గురువెవరు? పెట్రోసియన్ కథ మనల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ముందు నేల చూసుకునేవాడు

ఇక ఆయన ఆట సంగతి. సాధారణ ఆటగాడు నేను ఎలా కొట్టాలి అని ఆలోచిస్తాడు. పెట్రోసియన్ ముందు ఎదుటివాడు ఏం చేయాలనుకుంటున్నాడు అని ఆలోచించేవాడు. ఎదుటివాడి మనసులో ఎత్తు పూర్తిగా రూపు కట్టకముందే దానికి దారి మూసేసేవాడు. దాడికి వచ్చినవాడికి కొట్టడానికి ఏమీ దొరికేది కాదు. చివరికి విసిగి తప్పు చేసేవాడు. అప్పుడు పెట్రోసియన్ తొందరపడకుండా గెలిచేవాడు.

లెక్కలు చూడండి. 1958 నుంచి 1978 వరకు సోవియట్ జట్టు తరఫున పది ఒలింపియాడ్‌లలో ఆయన 129 ఆటలు ఆడాడు. 78 గెలిచాడు, 50 డ్రా చేశాడు. ఓడింది ఒకే ఒక్కటి. అది 1972లో స్కోప్యేలో జర్మన్ ఆటగాడు హ్యూబ్నర్ చేతిలో. 1962లో కురసావ్ దీవిలో ప్రపంచ చాంపియన్‌కు ప్రత్యర్థిని తేల్చే క్యాండిడేట్స్ పోటీ జరిగింది. అందులో 27 ఆటలాడి ఒక్కటీ ఓడకుండా మొదటి స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడు మాస్కోలో మిఖాయిల్ బోట్విన్నిక్‌తో ప్రపంచ పోటీ. బోట్విన్నిక్ అంటే సోవియట్ చదరంగానికి పెద్దదిక్కు. మొదటి ఆటలోనే పెట్రోసియన్ ఓడిపోయాడు. అయినా కంగారు పడలేదు. తన పద్ధతి మార్చుకోలేదు. 12½-9½తో కిరీటం అందుకున్నాడు.

1966లో బోరిస్ స్పాస్కీని 12½-11½తో ఓడించి కిరీటం నిలబెట్టుకున్నాడు. కిరీటం మీదున్న చాంపియన్ ఒక ప్రపంచ పోటీని గెలవడం 1934 తర్వాత అదే మొదటిసారి. మధ్యలో బోట్విన్నిక్ రెండుసార్లు డ్రా చేసి నిలబెట్టుకున్నాడు, రెండుసార్లు ఓడి మళ్లీ గెలుచుకున్నాడు. కానీ చాంపియన్‌గా కూర్చుని గెలిచింది మాత్రం లేదు.

ఇంత జాగ్రత్తపరుడు కూడా పొరపాటు చేయకుండా లేడు. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్రాన్‌స్టీన్‌తో ఆడుతూ, పూర్తిగా తన చేతిలో ఉన్న ఆటలో మంత్రిని ఎదుటివాడి గుర్రానికి అప్పనంగా వదిలేశాడు. చదరంగం పుస్తకాల్లో ఇప్పటికీ చెప్పుకునే తప్పు అది. ఆ తర్వాత ఏడేళ్లకు ఆయనే ప్రపంచ చాంపియన్. ఒక పరీక్ష పోతే జీవితమే పోయిందనుకునే తమ్ముళ్లు ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన రాసి పెట్టుకోవాలి.

ఈయన ఇలా ఎందుకు ఆడాడు? స్వభావం అని కొందరు, నిమ్జోవిచ్ పుస్తకాల ప్రభావం అని కొందరు అంటారు. రెండూ నిజమే కావచ్చు. మాకు మాత్రం ఇంకొకటి కూడా తోస్తుంది. కిందపడితే పట్టుకునే చేయి లేనివాడు అడుగు వేసే ముందు నేల చూసుకుంటాడు. వెనక పొలమో, ఇల్లో, మాట సాయం చేసే మేనమామో ఉన్నవాడికి ఒక ఏడాది పోతే ఒక ఏడాదే పోతుంది. మనకు ఒక ఏడాది పోతే చెల్లెలి చదువు ఆగిపోతుంది. అలాంటి ఇంటి నుంచి వచ్చి, మా కుటుంబాల్లో మొదటిసారి డిగ్రీ పట్టా చూసినవాళ్లం మేము. బీఈడీలో చేరినా, కానిస్టేబుల్ పరీక్ష రాసినా దాన్ని ఎవరైనా చిన్న కల అంటే మేము ఒప్పుకోం. అది కలకు ముందు వేసుకునే పునాది.

ఏనుగును ఇచ్చేసిన ఆట

అయితే పెట్రోసియన్ కాపాడుకోవడం మాత్రమే తెలిసినవాడైతే మేము ఈ వ్యాసం రాసేవాళ్లం కాదు. ఇక్కడే అసలు విషయం ఉంది. ప్రపంచ చదరంగంలో ఏనుగును ఇచ్చి గుర్రాన్నో ఒంటెనో తీసుకునే త్యాగానికి పెట్టింది పేరు ఆయనే.

చదరంగం తెలియని మిత్రులకు ఒక మాట. ఏనుగు విలువ ఐదు అనుకుంటే గుర్రం, ఒంటెల విలువ మూడేసి. ఐదు ఇచ్చి మూడు తీసుకోవడం పైకి నష్టం బేరమే. 1953లో జ్యూరిక్‌లో అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ రెషెవ్‌స్కీతో ఆడుతూ పెట్రోసియన్ ఇరుకులో పడ్డాడు. ఎదుటివాడి బంట్లు బోర్డు మధ్యలో నుంచి ముందుకు తోసుకు రావడానికి సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు 25వ ఎత్తులో తన ఏనుగును తీసుకెళ్లి, ఎదుటివాడి ఒంటె కొట్టగలిగే గడిలో పెట్టాడు. ఎదుటి ఏనుగులు గానీ, మంత్రి గానీ దాన్ని బెదిరించడం లేదు. తనంతట తానే ఇచ్చాడు. ఎందుకంటే ఆ స్థితిలో ఏనుగుకు చేయడానికి పనేమీ లేదు. దాన్ని వదులుకుంటే గుర్రం చుట్టూ తిరిగి బోర్డు నడిమధ్యకు వచ్చి కూర్చుంటుంది, బంట్ల దారి మూసుకుంటుంది. అనుకున్నట్టే జరిగింది. ఆట డ్రా అయింది. డెబ్బై ఏళ్లు దాటినా శిక్షకులు పిల్లలకు ఆ ఎత్తును చూపిస్తూనే ఉన్నారు.

1966 పోటీ పదో ఆటలోనైతే ఏకంగా మంత్రినే స్పాస్కీ రాజు ఎదుట పెట్టాడు. దాన్ని కొడితే గుర్రం ఒకే దెబ్బతో రాజుకు చెక్ చెప్పి మంత్రిని పట్టుకుంటుంది. స్పాస్కీ అక్కడితో ఆట వదులుకున్నాడు.

ఇందులో మనం తెలుసుకోవలసింది ఒకటుంది. కాపాడుకోవడం నేర్చుకున్నవాడికే ఎప్పుడు వదులుకోవాలో తెలుస్తుంది. ప్రతి కాయనూ పట్టుకుని వేలాడేవాడు జాగ్రత్తపరుడు కాడు, భయస్తుడు. జాగ్రత్తకూ భయానికీ మధ్య తేడా ఇక్కడే తేలుతుంది.

మెచ్చుకోలేని జాగ్రత్త

పెట్రోసియన్‌ను పొగిడి ఊరుకుంటే అది న్యాయం కాదు. 1962 కురసావ్ పోటీలో పెట్రోసియన్, కెరెస్, గెల్లర్ ముగ్గురూ తమలో తాము పన్నెండు ఆటలు ఆడారు. పన్నెండూ డ్రాలే. వాటిలో చాలా వరకు తొందరగా ముగిసినవే. శక్తి మిగుల్చుకోవడానికి అలా చేశారనుకున్నా, మిగతా ఆటగాళ్లకు అది అన్యాయమే. ఫిషర్ ఆ ఏడాదే ఒక అమెరికన్ పత్రికలో బహిరంగంగా ఆరోపించాడు. తర్వాత ప్రపంచ చదరంగ సమాఖ్య పద్ధతినే మార్చి, ఇద్దరిద్దరి మధ్య మ్యాచ్‌లు పెట్టింది. 1971లో ఆ మ్యాచ్‌ల పద్ధతిలోనే ఫిషర్, పెట్రోసియన్ బ్యూనస్ ఏర్స్‌లో ఎదురుపడ్డారు. అప్పటికే ఫిషర్ తైమనోవ్‌ను 6-0తో, లార్సెన్‌ను 6-0తో చిత్తు చేసి వచ్చాడు. రెండో ఆటలో పెట్రోసియన్ ఆ గెలుపుల వరుసను ఆపాడు. తర్వాతి మూడూ డ్రా చేశాడు. ఆ పైన వరుసగా నాలుగు ఓడి 6½-2½తో మ్యాచ్ పోగొట్టుకున్నాడు. ఏ కోటకైనా ఎక్కడో ఒకచోట గోడ పలచగా ఉంటుంది.

అంతకంటే బరువైన విషయం ఇంకొకటి ఉంది. 1976లో విక్టర్ కోర్చ్‌నోయ్ సోవియట్ యూనియన్ వదిలి వెళ్లిపోయాడు. ఆయన్ను ఖండిస్తూ గ్రాండ్‌మాస్టర్లు గొంతు కలపాలని ప్రభుత్వం కోరింది. ఖండించినవాళ్లలో పెట్రోసియన్ ఉన్నాడు. ఇద్దరి మధ్యా పాత వైరం ఉన్న మాట నిజమే. కానీ బోట్విన్నిక్, బ్రాన్‌స్టీన్, స్పాస్కీ సంతకం చేయలేదు. అంటే చేయకుండా ఉండటం సాధ్యమేనన్న మాట.

మేము ఈ సంగతిని దాచకుండా రాయడానికి కారణం ఉంది. బోర్డు మీద రాజును కాపాడుకోవడం ఒక రకం జాగ్రత్త. అధికారం ముందు తలవంచి, సాటివాడి మీద రాయి వేసేవాళ్లలో కలిసిపోవడం ఇంకో రకం జాగ్రత్త. మొదటిది మనం నేర్చుకోవాలి. రెండోది మానుకోవాలి. హాస్టల్ జీవితంలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. సినిమాకు పోకుండా స్టడీ అవర్‌లో కూర్చోవడం మొదటి రకం. అన్నంలో పురుగులు వచ్చినప్పుడు అందరి తరఫునా నిలబడి అడిగిన ఒక్కడిని చూపించి, సార్, గొడవ చేసింది వీడే అని చెప్పడం రెండో రకం. ఉద్యోగం రావాలంటే ఏ గొడవలోనూ ఉండకూడదని చెప్పే పెద్దలు ఈ రెండింటినీ కలిపేస్తారు. మనం విడదీసి చూడాలి.

ఒక మనిషి వెనక మిగిలింది

1963లో మాస్కోలో పోటీ జరుగుతుంటే ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో జనం గుమిగూడి ఎత్తు ఎత్తునూ తెలుసుకున్నారు. 1970లో అక్కడ చదరంగానికి ప్రత్యేకంగా ఒక భవనం కట్టారు. ఇప్పుడు అది పెట్రోసియన్ పేరు మీదే ఉంది. ఆయన 1968లో యెరెవాన్ విశ్వవిద్యాలయంలో చదరంగంలోని తర్కం మీద పరిశోధన చేసి పట్టా అందుకున్నాడు. ఒకప్పుడు వీధులు ఊడ్చిన మనిషి, అప్పటికే ప్రపంచ చాంపియన్ అయిన మనిషి, మళ్లీ విద్యార్థిగా కూర్చుని సిద్ధాంత వ్యాసం రాశాడు. అదే ఏడాది మళ్లీ మొదలైన "64" అనే చదరంగం వారపత్రికకు 1977 వరకు సంపాదకుడిగా పనిచేశాడు. 1969లో స్పాస్కీ చేతిలో కిరీటం పోయింది. ఆయన మాత్రం ఆట వదలలేదు. 1969లోనూ, 1975లోనూ మళ్లీ సోవియట్ చాంపియన్ అయ్యాడు. 1981లో, యాభై దాటిన వయసులో, అప్పుడే పైకి వస్తున్న కాస్పరోవ్‌ను రెండుసార్లు ఓడించాడు. 1984 ఆగస్టు 13న మాస్కోలో కన్నుమూశాడు.

ఆయన పోయిన మరుసటి నెలలో యెరెవాన్‌లో ఒక పిల్లవాడు పుట్టాడు. ఇంటిపేరు పెట్రోసియనే. తండ్రి చాంపియన్ మీద అభిమానంతో టిగ్రాన్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పిల్లవాడూ గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన ఆర్మేనియా జట్టులో 2008లోనూ, 2012లోనూ ఉన్నాడు. దాదాపు ముప్పై లక్షల జనాభా ఉన్న ఆ చిన్న దేశం 2006లో కూడా స్వర్ణం గెలిచింది. 2011 నుంచి అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో చదరంగం తప్పనిసరి పాఠం. 2018లో వచ్చిన రెండు వేల ద్రామ్‌ల నోటు మీద పెట్రోసియన్ బొమ్మ ఉంది.

నోటు మీద బొమ్మ కంటే బడిలో పాఠం గొప్ప గుర్తని మేము అనుకుంటాం. నోటు ఆయనకు గౌరవం. పాఠం మాత్రం ఆయన లోపలికి వచ్చిన తలుపును తర్వాతి పిల్లలందరి కోసం తెరిచి పెట్టడం.

మనం చేయగలిగింది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ముందు ఉద్యోగం చూసుకోవడం పిరికితనం కాదు. మన స్థితిలో అదే సరైన ఎత్తు. కానీ ఉద్యోగం వచ్చాక కూడా జీవితాంతం రాజు చుట్టూ కాయలు పేర్చుకుంటూ కూర్చుంటే అది ఆట అనిపించుకోదు. కాళ్ల కింద నేల గట్టిపడిన రోజున మన చేతిలోని ఒక ఏనుగును ఇవ్వగలగాలి.

ఆ ఏనుగు ఏమిటో ఎవరికి వారే తేల్చుకోవాలి. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థి అన్నలకు అది నెలకు రెండు ఆదివారాలు కావచ్చు. పదో తరగతి పిల్లలకు లెక్కలు, ఇంగ్లిష్ చెప్పడానికి అవి చాలు. కొందరికి మొదటి జీతంలో కొంత కావచ్చు. స్థిరమైన ఉద్యోగంలో ఉండి కూడా పై చదువు మీద మనసు చంపుకున్నవాళ్లకు ఒక ఏడాది సెలవు కావచ్చు. పెట్రోసియన్ ముప్పై తొమ్మిదేళ్లకు పరిశోధన పట్టా తీసుకున్నాడని గుర్తుంచుకుంటే వయసు మాట అడ్డు రాదు.

ఇక హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్లు అడగవలసింది వేరు. క్యారమ్ బోర్డు, చదరంగం బోర్డు ఇచ్చి ఆటలయ్యాయని అనిపించుకుంటే సరిపోదు. వారానికి ఒకరోజైనా వచ్చి నేర్పే మనిషి కావాలి. చదరంగమే కానక్కర్లేదు. కంప్యూటరైనా, డప్పైనా, చిత్రలేఖనమైనా సరే. పయనీర్ ప్యాలెస్‌లో టిగ్రాన్‌ను మార్చింది చెక్కబోర్డు కాదు, దాని అవతల కూర్చున్న గురువు. కాబట్టి వార్డెన్ గారికి ఇచ్చే వినతిపత్రంలో వస్తువుల జాబితా కంటే ముందు గురువు అనే మాట రాయండి. సంతకం ఒక్కరే పెట్టకండి, అందరూ పెట్టండి. ఒక్కడి పేరు పైకి కనిపించకుండా అందరూ కలిసి కాపాడుకోవడం కూడా మంచి ఆటే.